యర్రయ్య వద్దన్న వెల్డింగు

త్రినాథరావు ఇరవయ్యారేళ్ళ ఉద్యోగంలో ఉక్కు ప్లాంటు గేటు దాటించి ఒక్క మేకు కూడా ఇంటికి తెచ్చినవాడు కాదు. తెచ్చింది ఒకే ఒక్కసారి, టిఫిను క్యారియరు అడుగు గిన్నెలో, అరచేతంత రైలుపట్టా ముక్క. అదీ కూతురి కోసం. ఆ ఒక్క ముక్కకే ఒక మనిషి బలైపోయాడు.

త్రినాథరావు పట్టాల మిల్లులో రంపం దగ్గర పనిచేసేవాడు. ఎర్రగా కాలుతూ వచ్చే పట్టాని కొలత ప్రకారం కోయించడం అతని పని. లోకంలో ఇనుమంటే పట్టా ఇనుమేనని, మిగతాదంతా రేకుడబ్బాలకి తప్ప పనికిరాదని అతని నమ్మకం. పెళ్ళికి పిలిచినా ఆ మాటే, పరామర్శకి పోయినా ఆ మాటే. మరోదా అనే ప్లాంటు కాలనీలో అతని క్వార్టరు చుట్టుపక్కలవాళ్ళు ఆ కబురు మొదలవగానే పొయ్యి మీద ఏదో మాడుతున్నట్టు లేచిపోయేవారు. ఆ తరవాత అతను గర్వంగా చెప్పుకునేది కూతురు అరుణకుమారి గురించి. ఒక్కతే కూతురు. చదువంతా హిందీ, ఇంగ్లీషుల్లోనే. మెకానికల్ ఇంజనీరింగు ఆఖరి సంవత్సరం. అరవైమంది ఉన్న క్లాసులో ఆడపిల్లలు ఇద్దరే.

ఆ ఏడు, అంటే తొంభై అయిదులో, కాలేజీలో చంద్రాకర్ సార్ అనే మేష్టరు కొత్త పద్ధతి పెట్టాడు. అంతవరకూ ఆఖరి ఏడాది ప్రాజెక్టంటే పాత రిపోర్టు చూసి కొత్త రిపోర్టు రాసి, నల్ల అట్ట మీద బంగారు అక్షరాలు కొట్టించి బీరువాలో పడేయడమే. చంద్రాకర్ సార్‌కి ఆ బీరువా చూస్తే ఒళ్ళు మండేది. "మీరు గీసిన వస్తువు పవర్ హౌస్ బజార్లో మామూలు వెల్డింగ్ కొట్టువాడు చేయగలగాలి. తన దగ్గరున్న మిషన్లతోనే చేయగలగాలి. చేసేటప్పుడు ఏం మారినా అది డ్రాయింగులోకి ఎక్కాలి. అది కుదరని బొమ్మలు నాకు చూపించొద్దు" అని హిందీలో ఖరాకండీగా చెప్పేశాడు. పిల్లలు చాటుగా తిట్టుకున్నారు. అరుణకి మాత్రం ఆ మాట నచ్చింది.

పవర్ హౌస్ రైల్వే స్టేషను బయట ఆటోలు బాగుచేసే మెకానిక్కులు బండిని ఒక పక్కకి ఎత్తి, కింద రెండు ఇటుకలు పెట్టి, ఆ ఇటుకల్ని నమ్ముకుని లోపలికి దూరుతారు. రోజూ అక్కడే కాలేజీ బస్సెక్కే అరుణ అది చూసి చూసి, ఆటోని ఎత్తి పట్టుకునే ఇనుప స్టాండు ఒకటి గీసింది. పొడవాటి కాడని కిందికి నొక్కితే బండి ఒక పక్క పైకి లేస్తుంది. లేచినచోట ఒక కొక్కెం స్టాండుకి కోసిన పళ్ళ మధ్యలో పడి కాడని కదలకుండా పట్టుకుంటుంది. బరువంతా ఆ కొక్కెం మీదే. ఆమెతో బాటు మరో ఇద్దరు హాస్టలు కుర్రాళ్ళు ఆ ప్రాజెక్టులో ఉన్నారు గాని, వాళ్ళు ఉన్నదల్లా పేర్ల జాబితాలోనే.

చేసిపెట్టేవాడి కోసం వెతుక్కోవలసిన పని లేకపోయింది. యర్రయ్య ఉన్నాడు. శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి ఇరవయ్యేళ్ళ కిందట ఒక రేకుపెట్టె పట్టుకుని వచ్చి, త్రినాథరావు ఇంట్లో మూడు నెలలు తిని, అతను చూపించిన చోట గ్యాస్ కటింగు నేర్చుకుని, తరవాత పవర్ హౌస్‌లో సొంతంగా కొట్టు పెట్టుకున్నాడు. పక్క బస్తీ క్యాంప్ వన్‌లో కాపురం. ఆ సందుల్లో సగం ఇళ్ళకి కిటికీ ఊచలు, గేట్లు అతను చేసినవే. చుట్టరికం లేకపోయినా త్రినాథరావుని "అన్నా" అనేవాడు. అన్న మాటకి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు.

అరుణ మొదటి డ్రాయింగు చూసి యర్రయ్య పకపకా నవ్వాడు.

"అమ్మీ, ఈ బోల్టు బిగించాలంటే పానా ఎక్కడ తిరుగుతాది? నా సెయ్యి పట్టదు, దెయ్యం సెయ్యీ పట్టదు. సూడు, ఇలగ."

అరుణకి ముందు రోషం వచ్చింది. పానా తీసుకుని ఆమే ప్రయత్నించి చూసింది. పట్టలేదు. ఇంటికొచ్చి మళ్ళీ గీసింది. ఈసారి డ్రిల్లు లోపలికి పోదన్నాడు. మళ్ళీ గీసింది. అలా రెండు నెలల్లో పదకొండుసార్లు గీసింది. "బాబాయ్, అబ్ తో హో జాయేగా నా?" అని, ఈసారైనా కుదురుతుందా అని ఆమె భయం భయంగా కాగితం పరిస్తే, అతను ముక్కు మీదికి జారిన కళ్ళద్దాల మీంచి చూసి, "ఇప్పుడు ఇంజనీరువి అయినావు" అన్నాడు. ఆ సాయంత్రం ఆమె ఇంటికొచ్చి తల్లి కన్నమ్మకి ఆ మాట నాలుగుసార్లు చెప్పింది.

ఆ డ్రాయింగులో కొక్కెం మామూలు మెత్తటి ఇనుము. వర్క్‌షాపు భాషలో ఎమ్మెస్. రెండు బోల్టులతో కాడకి బిగించాలి. అరిగిపోతే ఎవరైనా విప్పి మార్చుకోవచ్చునని ఆమె లెక్క.

త్రినాథరావుకి అది నచ్చలేదు. మనుషులు కింద దూరే బండి, దానికి ఈ సబ్బుబిళ్ళ లాంటి ఇనుమా! తను పట్టాల మిల్లులో ఉండి తన కూతురి మిషనుకి బజారు ఇనుము పెట్టిస్తే నలుగురూ ఏమంటారు? నలుగురూ ఏమీ అనరు, వాళ్ళకి ఆ సంగతే తెలియదు. కాని అతనికి అలా తోచింది. పరీక్షకి ఇంకా రెండు రోజులున్నాయనగా, రంపం దగ్గర మిగిలిన ఒక ముక్కని గుడ్డలో చుట్టి టిఫిను గిన్నెలో పెట్టుకున్నాడు. గేటు దగ్గర సెక్యూరిటీవాడు నమస్తే పెడితే క్యారియరు రెండో చేతికి మార్చుకుని తలూపాడు. తిన్నగా పవర్ హౌస్ వెళ్ళాడు.

యర్రయ్య ఆ ముక్కని గ్యాసుతో కొక్కెం ఆకారంలో కోశాడు. బోల్టుల కోసం చిల్లి పెట్టబోతే డ్రిల్లు కీచుమని అరిచి ముక్కు మాడిపోయింది. ఇంకోటి పెట్టాడు. అదీ పోయింది.

"అన్నా, ఇది నా డ్రిల్లుకి లొంగేది కాదు. పాప సెప్పిన ఎమ్మెస్ పెట్టేద్దుము. అరగంట పని."

"సిల్లులు లేకపోతే ఎల్డింగు సేసీ."

యర్రయ్య చేతులు తుడుచుకున్నాడు. "వద్దన్నా. పట్టా ఇనుముకి ఉత్తినే ఎల్డింగు కొట్టకూడదు. ముందు బాగా ఏడెక్కించాల. కొట్టినాక బూడిదలో కప్పెట్టి నిదానంగా సల్లార్చాల. నా కాడ పొయ్యి ఎక్కడున్నాది? ఇలగ సల్లగున్నప్పుడు కొడితే పక్కన పెళుసైపోతాది. నువ్వే మిల్లులో ఉన్నావు, నీకు తెల్దేటి?"

తెలుసు. పట్టాలు రంపం దాటాక వాటిని మూతలున్న గోతుల్లో పెట్టి గంటల తరబడి నెమ్మదిగా చల్లార్చడం అతను ఇరవయ్యారేళ్ళుగా చూస్తూనే ఉన్నాడు. ఎందుకలా చేస్తారో ఫోర్‌మన్ చెప్పాడు కూడా. కాని ఆ క్షణంలో యర్రయ్య తనకి పట్టా గురించి పాఠం చెబుతున్నాడన్న సంగతే అతని బుర్రలోకి ఎక్కింది. తను నేర్పిస్తే నేర్చుకున్నవాడు!

"పట్టా మీద రైలుబండి పోతాదిరా. నీ ఆటో ఏపాటి? నాను సెప్తన్నాను కదా, కొట్టీ."

"పాపకేటి సెప్తాను?"

"పాపకి నాను సెప్తాను. నువ్వు ఒల్లకో."

యర్రయ్య కాసేపు ఆ ముక్కని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. తరవాత మొహానికి వెల్డింగు నల్లద్దం అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున్నే అరుణ వచ్చి చూసింది. బోల్టులు లేవు. కొక్కెం చుట్టూ తళతళలాడుతూ వెల్డింగు గీత.

"నాన్నా, యే క్యా హై? నేను బోల్ట్స్ గీశాను కదా!"

"టైము లేదమ్మా. ఎల్డింగు సేయించినాను. ఇంకా గట్టిగుంటాది."

"లోహం ఏంటి? నేను రాసిందేనా? ఎమ్మెస్సేనా?"

నిజం చెప్పవలసిన క్షణం ఇదీ. పట్టా ముక్క అంటే ఆ పిల్ల అక్కడికక్కడే గ్రైండరుతో కోసి పారేసేది. ఆ చదువు ఆమె చదివింది. కాని అలా అంటే గేటు దాటించిన సంగతి చెప్పాలి. ఇరవయ్యారేళ్ళ నిజాయితీ గురించి కూతురికి తను చెప్పిన కథలన్నీ వెనక్కి తీసుకోవాలి.

"ఎమ్మెస్సే" అన్నాడు త్రినాథరావు.

అరుణ యర్రయ్య వైపు చూసింది. యర్రయ్య గ్రైండరు ఆన్ చేసి అటు తిరిగిపోయాడు. ఆమె స్టూలు మీద కూర్చుని వెల్డింగు బలానికి కొత్తగా లెక్క కట్టింది. ఎమ్మెస్ అయితే మూడింతల బరువు కూడా మోస్తుంది. డ్రాయింగులో బోల్టులు రబ్బరుతో తుడిచేసి, వెల్డింగు గుర్తు వేసి, లోహం అన్నచోట ఎమ్మెస్ అని అలాగే ఉంచింది. మేష్టరు చెప్పిన పద్ధతి ప్రకారం, మారింది మారినట్టు ఎక్కించానని తృప్తి పడింది పాపం.

పరీక్ష రోజున స్టాండు మీద ఆటో ఎక్కించి, ఆటోలో ఆరుగురు విద్యార్థుల్ని కూర్చోబెట్టి చూపించారు. రాయపూర్ నుంచి వచ్చిన ఎగ్జామినరు పదకొండు డ్రాయింగులూ వరసగా తిరగేసి, "అసలు ప్రాజెక్టు ఇదీ" అన్నాడు. జనం వెనకాల నిలబడ్డ త్రినాథరావుకి కళ్ళ నీళ్ళు తిరిగాయి. అందులో కూతురి గొప్ప కొంత, తన కొక్కెం గొప్ప కొంత. ఆ రోజు అతను మిఠాయి పంచని ఇల్లు ఆ వీధిలో లేదు.

కాలేజీలో చోటు లేక స్టాండు యర్రయ్య కొట్టులోనే ఉండిపోయింది. చుట్టుపక్కల మెకానిక్కులు దానికి అలవాటు పడ్డారు. ఇటుకలు మానేశారు. జనవరి నెలాఖరున, మంచు ఇంకా విడవని ఒక పొద్దున, ఒక ఆటో అడుగు పట్టీ చిట్లిందంటే అతికించడానికి యర్రయ్య తనే కిందికి దూరాడు. కొక్కెం వెల్డింగు అంచున పుటుక్కున తెగింది. ఇంజను ఉన్న పక్క అతని ఛాతీ మీద పడింది.

రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. త్రినాథరావు వెళ్ళినప్పుడు భార్య అప్పలనరసమ్మ మంచం పక్కన కింద కూర్చుని ఉంది. యర్రయ్య కళ్ళు తెరిచి అన్నని చూసి, మళ్ళీ మూసుకున్నాడు. మూడో రోజు పొద్దున కబురొచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన సంగతే గాని, ఆ కబురు విన్నప్పుడు త్రినాథరావుకి ఏడుపు కంటే ముందు మరొకటి తోచింది. ఇంక ఈ సంగతి తెలిసినవాడు తనొక్కడే. ఆ ఊహ వచ్చినందుకు తనని తనే అసహ్యించుకుంటూ శ్మశానం దాకా పాడె మోశాడు. ఒక్కసారి కూడా భుజం మార్చుకోలేదు.

పోలీసులు ప్రమాదమని రాసుకుపోయారు. కాలేజీ అలా వదలలేదు. ముగ్గురు మేష్టర్లతో కమిటీ వేసి అరుణని పిలిచింది. డ్రాయింగులో బోల్టులు తీసేసి వెల్డింగు పెట్టిందెవరు? లెక్క కట్టిందెవరు? సంతకం ఎవరిది? అన్నీ ఆమెవే. లెక్కలో తప్పుంటే ప్రాజెక్టు రద్దు, ఏడాది పోతుంది, పైగా పోలీసులకి ఆమె పేరు రాసి పంపుతామన్నారు. చంద్రాకర్ సార్ ఆమె తరఫున వారం గడువు అడిగాడు.

ఆ వారం ఆ ఇంట్లో ఎవరూ సరిగ్గా తినలేదు. అరుణ వంటింటి గడప దగ్గర కూర్చుని ఆ లెక్కే మళ్ళీ మళ్ళీ చేసేది. పైనుంచి చేసేది, కింద నుంచి చేసేది. ఎన్నిసార్లు చేసినా కొక్కెం విరగడం లేదు. "ఎక్కడో తప్పు చేశాను నాన్నా. కనబడడం లేదు. బాబాయ్‌ని నేనే చంపేశాను" అంది ఒకరోజు, పెన్సిలు చేతిలో పట్టుకునే. లేని తప్పు కోసం పిల్ల అలా వెతుక్కుంటూ ఉంటే త్రినాథరావు పక్క గదిలో మంచం పట్టె పట్టుకుని కూర్చున్నాడు. చెప్పేద్దామని రెండుసార్లు లేచాడు. లేచినప్పుడల్లా గేటు, టిఫిను క్యారియరు, ఇంకా రెండేళ్ళున్న ఉద్యోగం, ఈ క్వార్టరు కళ్ళ ముందుకొచ్చి మళ్ళీ కూర్చోబెట్టాయి.

ఐదో రోజు మధ్యాహ్నం పెరట్లో వింత చప్పుడు వినిపించింది. అరుణ యర్రయ్య కొట్టు నుంచి విరిగిన కొక్కెం తెచ్చుకుంది. బట్టలుతికే బండ మీద దాన్ని కాలితో అదిమిపట్టి, వెల్డింగు అంచున ఆకురాయితో రాస్తోంది. ఆకురాయి ఇనుముని కరవడం లేదు. గాజు మీద రాసినట్టు జారిపోతోంది.

"నాన్నా, ఇది ఎమ్మెస్ కాదు" అంది తలెత్తకుండానే. "ఎమ్మెస్ అయితే వెల్డింగు పక్కన ఇంత గట్టిపడదు. కాలేజీ ల్యాబులో కూడా చూపించాను. పట్టా లాంటి ఇనుమంటున్నారు."

త్రినాథరావు బండ దాకా రాకుండా గుమ్మంలోనే ఆగాడు.

"నువ్వు ఎమ్మెస్ అన్నావు కదా?"

"యర్రయ్య సెప్పినాడమ్మా అలగని. ఆడు ఎక్కణ్ణుంచి తెచ్చినాడో నాకేటి తెలుసు?"

మాట నోట్లోంచి బయటపడ్డాక వెనక్కి తీసుకోవడానికి క్షణం వ్యవధి ఉంది. ఆ క్షణం అతను వాడుకోలేదు. అరుణ ఆ ముక్క వైపు చాలాసేపు చూసింది. "బాబాయ్ అలా ఎందుకు చేశాడు? నాతో ఒక్క మాట అంటే..." అని ఏడ్చింది. తండ్రి మాట నమ్మడానికి ఆమెకి ఏమీ కష్టం కాలేదు. పుట్టినప్పటి నుంచీ నమ్ముతూనే ఉంది.

కమిటీ తేల్చేసింది. విద్యార్థిని లెక్కలో తప్పు లేదు, వర్క్‌షాపువాడు డ్రాయింగుకి విరుద్ధంగా పాత సామాను ఇనుము వాడాడు, అదే కారణం. అరుణ ప్రాజెక్టు నిలబడింది. కన్నమ్మ దేవుడికి కొబ్బరికాయ కొట్టింది.

కాని ఆ తీర్పు కాలేజీ గోడల మధ్య ఆగలేదు. పదిరోజుల్లో పవర్ హౌస్ అంతా పాకింది. యర్రయ్య చదువుకునే పిల్లని మోసం చేశాడట, చెత్త ఇనుము అంటగట్టాడట, దాని కిందే పడి చచ్చాడట. క్యాంప్ వన్‌లో జనం తమ గేట్లు ఊపి చూసుకోవడం మొదలుపెట్టారు. యర్రయ్య బిగించిన కిటికీ ఊచల్ని ఒకాయన ఊడబీకించి వేరేవాడి చేత పెట్టించుకున్నాడు. అప్పలనరసమ్మ ఇంటి ముందే.

ఒక ఆదివారం మధ్యాహ్నం అప్పలనరసమ్మ మరోదా వచ్చింది. కన్నమ్మ గుడికి వెళ్ళింది. త్రినాథరావు వరండాలో కుర్చీలో ఉన్నాడు. కుర్చీ చూపిస్తే వద్దని ఆమె గడప పక్కన కూర్చుంది.

"బావగారూ, ఒక మాట అడిగీసి పోతాను. మా ఆయన ఆ ఇనుము ఎక్కణ్ణుంచి తెచ్చినాడు?"

లోపలి గదిలో అరుణ ఉంది. పుస్తకం పేజీ తిప్పిన చప్పుడు ఆగిపోవడం అతనికి వినిపించింది.

"ఏమోనమ్మా. పాత ఇనుమమ్మే కబాడీ కొట్లో తెచ్చుంటాడు."

అప్పలనరసమ్మ కొంగు సర్దుకుంది. ఆ తరవాత చాలా మామూలు గొంతుతో, పక్కింటి సంగతి చెబుతున్నట్టు చెప్పింది.

"ఆస్పత్రిల నాకు సెప్పినాడు బావగారూ. అన్న తెచ్చినాడు, నాను వద్దన్నాను, అన్న కొట్టీమన్నాడు అన్నాడు. ఎవులికీ సెప్పకే, అన్న ఉజ్జోగం పోతాది, అన్నే సెప్తాడు అన్నాడు. అందికే నానెవులికీ సెప్పనేదు. నువ్వే సెప్తావని సూసినాను. దినాలయిపోయినాయి. కిటికీలు ఊడబీకుతున్నారు. ఇంక నానే వచ్చినాను. నీ నోటంట ఒక్క మాట వస్తాదేమోనని అడిగినాను."

త్రినాథరావు నేల చూశాడు, గోడ చూశాడు, ఆమెని మాత్రం చూడలేకపోయాడు. తిట్టి ఉంటే బాగుండేది. చెప్పు తీసుకుని కొట్టి ఉంటే ఇంకా బాగుండేది.

అరుణ గుమ్మంలో నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. మొహంలో నెత్తురు లేదు.

"సచ్ హై, నాన్నా? నిజమేనా?"

"అరుణా, నీ కోసమేనమ్మా..."

"నేను ఆ లెక్క ఎన్నిసార్లు చేశానో నువ్వు చూశావు కదా. పక్క గదిలోనే ఉన్నావు కదా."

అరుణ లోపలికి వెళ్ళి తెల్లకాగితాలు, పెన్నూ తెచ్చి అతని ఒళ్ళో పెట్టింది.

"రాయి."

"రాస్తే ఉజ్జోగం పోతాదే. ఈ ఇల్లు పోతాది. ఎక్కడుంటాము?"

"తెలీదు. రాయి."

త్రినాథరావు రాశాడు. అతనికి రాయడం వచ్చింది తెలుగు ఒక్కటే, అదీ ఊళ్ళో అయిదో క్లాసు దాకా చదివిన తెలుగు. అక్షరాలు పెద్దవిగా, వంకరగా పడ్డాయి. రాసేసి కాగితం కూతురికి ఇచ్చాడు. ఆమె దాన్ని చూసి, మళ్ళీ అతనికే ఇచ్చేసింది.

"నాకు తెలుగు చదవడం రాదు కదా. పిన్నికీ రాదు. నువ్వే చదువు. నేను హిందీలో రాసుకుంటాను."

అది అతను అనుకోలేదు. రాయడమంటే తల దించుకుని రాసేశాడు. ఇప్పుడు పైకి చదవాలి, ఆ ఇద్దరి ముందూ. చదవడం మొదలుపెట్టాడు. మిల్లు నుంచి పట్టా ముక్క నేనే తెచ్చాను. యర్రయ్య తేలేదు. అది ఎమ్మెస్ అని మా అమ్మాయికి నేనే అబద్ధం చెప్పాను. బోల్టులు పెట్టడానికి కుదరక వెల్డింగు చేయించాను. అమ్మాయి తప్పు ఏమీ లేదు. యర్రయ్య మోసం చెయ్యలేదు. అరుణ ఒక్కో వాక్యం వినేదాకా ఆగి, తల వంచుకుని హిందీలో రాసింది.

అయిపోయిందన్నట్టు అతను కాగితం మడవబోయాడు.

"వద్దన్నాడని రాసినావా?" అంది అప్పలనరసమ్మ.

త్రినాథరావు కాగితం మళ్ళీ పైనుంచి చూసుకున్నాడు.

"మా ఆయన వద్దన్నాడు కదా బావగారూ. ఏడి సెయ్యకండా కొడితే పెళుసైపోతాదని సెప్పినాడు కదా. అది రాయనేదేటి? పని తెలీనోడని అంటన్నారు ఆయన్ని. పదేళ్ళ కిందట కట్టిన గేట్లు కూడా ఊపి సూస్తన్నారు."

రాయలేదు. కావాలని మానేశాడా అంటే అతనికే సరిగ్గా తెలియదు. ఆ మాట దగ్గరికి వచ్చేసరికి చెయ్యి దానంతట అదే పక్కకి తప్పుకుంది. తెలియక జరిగిందంటే జనం ఒకనాటికి క్షమిస్తారు. తెలిసినవాడు వద్దంటున్నా వినకుండా చేయించానంటే క్షమించరు. అన్నీ ఒప్పుకుంటున్నానని అనుకుంటూనే, ఆ ఒక్కటీ తన కోసం దాచుకున్నాడు.

కాగితం మోకాలి మీద పరుచుకుని అడుగున రాశాడు. రాసింది పైకి చదివాడు. "యర్రయ్య వద్దన్నాడు. ఇలా చేస్తే విరుగుతుందని చెప్పాడు. నాకూ తెలుసు. అయినా నేనే కొట్టమన్నాను."

అరుణ అది హిందీలోకి ఎక్కించింది. పెన్ను ఎత్తి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగింది.

"లేదమ్మా. ఇంతే. ఒట్టు."

ఆమె అతని వైపు చూడలేదు. తలతిప్పి అప్పలనరసమ్మ వైపు చూసి, అవునా పిన్నీ అన్నట్టు ఆగింది. అప్పలనరసమ్మ అవునని తలూపాకే, సంతకం పెట్టమని కాగితం తండ్రి ముందుకి జరిపింది.